ఏది అసలు ఎరుపు?

రంగు కొనడమంత తేలికైన పని లేదని మొన్నమొన్నటిదాకా నా నమ్మకం. తీరా దుకాణానికి వెళ్లి “ఎర్రరంగు ఇవ్వవయ్యా” అంటే, అతను నవ్వి “ఏ ఎరుపండీ?” అన్నాడు. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు చెబుతున్నవాణ్ణి. అరుణం, శోణం, రక్తిమ అంటూ పర్యాయపదాలు ఏకరువు పెట్టగలను గాని, ఆ ప్రశ్నకు మాత్రం జవాబు తోచలేదు.

సంగతేమంటే, తెనాలి దగ్గర మా ఊళ్లో, మా కొట్టంలో తాతయ్య నాటి మాస్సీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరు ఉంది. నాన్నగారికి డెబ్భై తొమ్మిదేళ్లు. గ్లాకోమా వల్ల చూపు ఏటికేడు సన్నగిలుతోంది. “కళ్లు కనిపిస్తుండగానే దాన్ని మా నాన్న తెచ్చిన నాటిలా ఒక్కసారి చూడాలిరా” అన్నారు. ఆ మాట విన్నాక ఊరుకోగలమా?

తమ్ముడు, “ఇంజనుతో సహా ఎర్రగా కొట్టించేద్దాం అన్నయ్యా” అన్నాడు. అది కుదరదు. ఇంగ్లండులోని కావెంట్రీలో 1946 నుంచి 1956 దాకా తయారైన చిన్న ఫెర్గూసన్ నిలువెల్లా బూడిదరంగు. ఆ కంపెనీ 1953లో మాస్సీ హారిస్‌తో కలిసింది. తరువాత వచ్చిన 35 మోడలుకు మొదట బూడిదరంగు రేకులూ, రాగి ఛాయ ఇంజనూ ఉండేవి. 1957 చివరి నుంచి రేకులు ఎరుపయ్యాయి, ఇంజనుకు బూడిదరంగు దక్కింది. మాది ఆ తరువాతి రకం.

అయితే దాని మీద ఎన్ని రంగులని! దసరాకు ఆయుధపూజ చేసే ముందు, చేతికి దొరికిన ఎనామిలును నాన్నగారు కుంచెతో పులిమేసేవారు. ఒక ఏడు ఎరుపు, ఒక ఏడు నారింజ. ఒకసారి, కిటికీలకు వేయగా మిగిలిన నీలం పారబోయడం ఇష్టంలేక మా అమ్మ ఇచ్చింది. అదీ వేశారు!

తొందరపడి నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. పాత ఎనామిలు గీకకుండానే వెనక మడ్‌గార్డు మీద లాకరు కొట్టించాను. గంట తిరక్కుండా అది పాలమీద మీగడలా ముడుచుకు లేచింది. లాకరులో కలిపే ఘాటైన తిన్నరు అడుగునున్న ఎనామిలును మెత్తబరిచి లేపేస్తుందట. డబ్బు పోయి జ్ఞానం వచ్చింది.

సరే, గీకుదామని కూర్చుంటే మా ఆవిడ పిల్లల్ని చెయ్యిపట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయింది. ఆమెదే తెలివి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, ఆ దుమ్ము పసివాళ్లకు విషం. ఇళ్ల రంగుల్లో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గాని అమలుకు రాలేదు. అంచేత ముక్కుకు మాస్కు కట్టుకొని, ఎమ్రీ కాగితాన్ని నీళ్లలో తడిపి, దుమ్ము లేవకుండా రుద్దాం. గీకినదంతా పోగుచేసి మూటగట్టాం.

పొరలు పోతున్నాయి గాని అసలు ఎరుపేదో తేలలేదు. కుర్చీలోంచి నాన్నగారే అన్నారు: “హెడ్‌లైటు బిగింపు విప్పి చూడు. దానికింద నా కుంచె పోలేదు.” విప్పితే రూపాయి బిళ్లంత మేర పాత ఎరుపు! పైన పాలిపోయి సున్నంలా ఉంది. రబ్బింగ్ కాంపౌండుతో మెల్లగా రుద్దేసరికి కళ తేలింది. ఆ రేకునే దుకాణానికి పట్టుకెళ్లి, కొత్త రంగును ఎండలో పక్కన పెట్టి సరిచూసుకున్నాం. ట్యూబులైటు కింద ఒకటిగా కనిపించే రెండు ఎరుపులు ఎండలో వేరైపోతాయి.

ఆ తరువాతదంతా ఓపిక. జిడ్డు కిరసనాయిలుతోనూ, సబ్బునీళ్లతోనూ కడగాలి. తుప్పు వదిలించి ఇనుము ఆరిన వెంటనే, మళ్లీ తుప్పు పుట్టకముందే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేయాలి. సొట్టలకు పుట్టీ పెట్టి నున్నగా తీయాలి. రంగు పలచగా, పొర మీద పొర కొట్టాలి. ఒక్కసారే దట్టంగా కొడితే కన్నీళ్లలా జారుతుంది. ముసురుపట్టిన రోజున డబ్బా మూతే తియ్యకూడదు. ఇంతా చేస్తే, కంటికి కనిపించే ఎరుపు పని రెండు పూటలే. మిగిలిన నెలరోజులూ దాని అడుగుకే పోయాయి.

ఒక ఆదివారం పొద్దున్నే ఎండలోకి నెట్టి నాన్నగారిని పిలిచాం. ముఖం దగ్గరగా పెట్టి చూశారు. బానెట్టు నిమిరారు. “ఇదేరా!” అన్నారు. కాసేపాగి, మెల్లగా, “మీ అమ్మ ఇచ్చిన నీలం అంతా పోయిందా?” అన్నారు.

మా అమ్మ పోయి ఆరేళ్లు. నేను తమ్ముడి వంక చూశాను. వాడు మాట్లాడకుండా పనిముట్ల పెట్టె మూత ఎత్తాడు. మూత లోపలి వైపు వాడు గీకలేదు, రంగూ వేయలేదు. అక్కడక్కడ పెచ్చులూడి, కుంచె గీతలతో ఆ నీలం అలాగే ఉంది.

తాళపత్రాల నుంచి మూలపాఠం తేల్చే పండితులు ప్రక్షిప్త పద్యాన్ని బొత్తిగా పారెయ్యరు, పుట అడుగున అధోజ్ఞాపికలో ఉంచుతారు. పాఠం చెప్పే నాకు తట్టనిది, ట్రాక్టరు తోలే మా తమ్ముడికి తట్టింది.