ముడిచిత్రములు – మన కర్తవ్యము

దూరదర్శకయంత్రము పట్టిన చిత్రము శాస్త్రమునకు ముడిసరుకు మాత్రమే. అందు నక్షత్రకాంతితోపాటు యంత్రదోషములును కలిసియుండును. చీకటిలో సైతము యంత్రమున పుట్టు సంకేతమును తీసివేయవలెను. ధూళివలనను, చిత్రకణముల తారతమ్యమువలనను కలుగు భేదమును, సమకాంతిలో తీసిన చిత్రముచే భాగించి సరిచేయవలెను. ఈ శుద్ధి జరుగక తార తేజస్సును నిర్ణయింప వలనుపడదు.

ఖగోళశ్రమ తెలుగువారికి క్రొత్త కాదు. 1840 ప్రాంతముననే గోడే వెంకట జగ్గారావుగారు విశాఖపట్టణమున స్వంత వేధశాల నెలకొల్పిరి. 1901లో హైదరాబాదున వెలసిన నిజామియా వేధశాల, అంతర్జాతీయ నక్షత్రపట్టికకై దక్షిణమున 17 మొదలు 23 అంశలవరకుగల ఆకాశమును ఫలకములపై చిత్రించి, చుక్క చుక్కను కొలిచి ప్రకటించెను. ఆ కొలతలే ఫలకములకు విలువ తెచ్చినవి.

నేడు హబుల్ మొదలగు దూరదర్శకముల ముడిచిత్రములు ఎల్లరకును ఉచితముగ లభించుచున్నవి. విజయనగర, శ్రీకాకుళ విద్యార్థులకు కంప్యూటరును, ఓపికయు నున్నచో చాలును. రంగులద్దిన చిత్రములను చూచి మురియుటతో తృప్తిపడరాదు. మన కళాశాలలు ఈ శుద్ధిక్రియను పాఠముగ నేర్పవలెను. మూలచిత్రమును చెరుపక దాచుటయు, చేసిన ప్రతి దిద్దుబాటును కారణముతో వ్రాసియుంచుటయు అందు ప్రథమనియమములు కావలెను. న్యాయస్థానమునందువలెనే శాస్త్రమునందును సాక్ష్యమును పరీక్షింపవచ్చును, కల్పింపరాదు. ఈ వివేకము నలవరచుకొన్న యువకులు మన పట్టణములనుండియే లోకమునకు క్రొత్త సత్యముల నందింపగలరని మా విశ్వాసము.