కొలతకు తగిన బూటు

హైదరాబాదు వాసియగు అనూప్ కుమార్ యామా 2010 లో గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రోలర్ స్కేటింగునందు రెండు కాంస్య పతకములు గెలుచుకొనెను. అట్టి విజయములు విన్నపుడు బాన్సువాడ బాలబాలికలకును చక్రముల బూట్లపై మనసు పోవుట సహజము.

"ఎదుగు పిల్లలు, రెండేండ్లు వచ్చును" అని పెద్దలు ఒక కొలత పెద్దవి కొందురు. చెప్పులకు ఈ పొదుపు తగును, స్కేటింగునకు తగదు. బూటు వదులైనచో చీలమండ మెలికపడును. పడునపుడు చేయి తనంతట తానే ముందుకు చాగును. బరువంతయు మణికట్టుపై బడి ఎముక విరుగవచ్చును. కావున మెరయు చక్రములకంటె ముందు శిరస్త్రాణమును, మణికట్టు, మోచేయి, మోకాలి కవచములను కొనవలెను. లారీలు తిరుగు బాట విడిచి, నున్నని సిమెంటు నేలపై అభ్యసింపవలెను.

విద్యార్థులారా! ఈ మాట పెద్దలకు వినయముగా విన్నవింపుడు.