ఔచిత్యమే పొదుపు

వెలకు, విలువకు గల భేదాన్ని గుర్తించడమే వివేకం. వెలను అంగడి నిర్ణయిస్తుంది. విలువను మన అవసరం నిర్ణయిస్తుంది. విడిభాగాలు ఎంచి కంప్యూటరును కూర్పించుకొనేవారు ఈ భేదాన్ని తప్పక గ్రహించాలి.

కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి ఇంజనీరింగులో చేరినప్పుడు కంప్యూటరు కోసం సికింద్రాబాదు వెళ్లాను. కావ్యపఠనమే తప్ప ఆ విద్యలో నాకు ప్రవేశం లేదు. దీపాలతో మిలమిలలాడే కేబినెట్టును, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డును చూసి ముచ్చటపడ్డాను. సొమ్ము చాలలేదు. అన్ని భాగాలకూ విద్యుత్తునందించే ఎస్.ఎం.పి.ఎస్.ను చవకరకంతో సరిపెట్టుకొన్నాను. బిల్లు లేకుంటే కొంత తగ్గుతుందంటే అందుకూ తలూపాను. ఆరు నెలలు తిరగకముందే, ఒక వేసవి సాయంత్రం కరెంటు హెచ్చుతగ్గులకు ఆ చవక వస్తువు కాలిపోయింది. తనతోపాటు మదర్‌బోర్డునూ బలిగొన్నది. బిల్లు లేదు గనుక వారంటీ లేదు. పరీక్షల ముంగిట మా అమ్మాయి కార్చిన కన్నీటికి కారణం నా అవివేకమే.

ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని 11వ శతాబ్దంలో క్షేమేంద్రుడు ప్రతిపాదించాడు. ఆ సిద్ధాంతాన్ని తరగతిలో బోధించే నేను అంగడిలో దానిని విస్మరించాను. కంప్యూటరుకు సైతం ఔచిత్యమే ప్రాణం.

కనుక మొదట వేసుకోవలసిన ప్రశ్న "ఎంతలో వస్తుంది?" అన్నది కాదు, "ఏ పనికి?" అన్నది. పాఠాలు వినడానికి, వ్యాసాలు రాయడానికి, ప్రోగ్రామింగ్ నేర్వడానికి ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. ప్రాసెసరులోనే ఇమిడి ఉండే గ్రాఫిక్స్ చాలు. అయితే ఇంటెల్ ప్రాసెసరు సంఖ్య చివర 'ఎఫ్' అనే అక్షరం ఉంటే అందులో ఆ సౌకర్యం ఉండదని గమనించాలి. మిగిలిన సొమ్మును ఎస్.ఎస్.డి.కి, ర్యామ్‌కు, నాణ్యమైన ఎస్.ఎం.పి.ఎస్.కు వెచ్చించాలి. హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి. ఉంటే కలిగే వేగం ఎవరికైనా అనుభవైకవేద్యం. 16 జీబీ ర్యామ్ కొనే స్తోమత లేనివారు 8 జీబీతో ఆరంభించి, మదర్‌బోర్డులో ఒక స్థానం ఖాళీగా ఉంచుకొని, పిదప మరొక 8 జీబీ చేర్చుకోవచ్చు. లినక్స్, లిబ్రే ఆఫీస్ వంటివి ఉచితంగా లభిస్తుండగా దొంగ సాఫ్ట్‌వేరును ఆశ్రయించడం అనుచితం.

"ఇంత శ్రమ ఎందుకు? పేరున్న సంస్థ తయారుచేసినదే కొనవచ్చు కదా!" అని కొందరంటారు. తీరిక లేనివారికి అది సమంజసమే. కాని స్వయంగా కూర్పించుకొన్న కంప్యూటరులో ఒక భాగం చెడితే సాధారణంగా ఆ భాగాన్నే మార్చుకోవచ్చు. అవసరం పెరిగినకొద్దీ దానిని పెంచుకోవచ్చు. పైగా ఏ భాగం ఏమి చేస్తుందో తెలుసుకోవడమూ చదువే.

విద్యార్థులారా! మీ కంప్యూటరుకు వెచ్చించే ప్రతి రూపాయి వెనుక మీ తల్లిదండ్రుల స్వేదం ఉంది. కంటికి మెరిసే భాగం కన్న, కంటికి కనిపించక భారమంతా మోసే భాగమే ముఖ్యమని గుర్తించండి. ఇది యంత్రానికే కాదు, కుటుంబానికీ వర్తించే సత్యం.