మేకులు ముందు, చిప్పు తర్వాత

మినీ ప్రాజెక్టు ఏం చేద్దాం అని గ్రూపులో మాట మొదలవగానే వచ్చే పేర్లు నాకు ముందే తెలుసు. గీత వెంట నడిచే రోబో. అడ్డం వస్తే పక్కకి తిరిగే బండి. ఫోనుతో వెలిగే బల్బు. మొక్కకి తనంతట తానే నీళ్ళు పోసే పంపు. నాలుగూ కిట్లుగా దొరుకుతాయి. కోడు నెట్లో దొరుకుతుంది, రిపోర్టు సీనియర్ పెన్‌డ్రైవులో దొరుకుతుంది. దొరకనిదల్లా ఒక్కటే, వైవాలో "ఈ డయోడు ఇక్కడ ఎందుకు పెట్టావ్?" అని అడిగితే చెప్పాల్సిన జవాబు.

నా మాట వింటే, ఎలక్ట్రానిక్స్‌లో మొదటి ప్రాజెక్టుగా పిన్‌బాల్ యంత్రం కట్టండి. చెక్క, మేకులు, ఇనప గోళీలు, తీగలు. కిట్టు వద్దు. ఆర్డుయినో అసలే వద్దు, కనీసం మొదటి నెల రోజులు.

మనలో చాలామందికి పిన్‌బాల్ అంటే స్కూలు కంప్యూటర్ ల్యాబులో విండోస్ ఎక్స్‌పీ మీద ఆడిన స్పేస్ క్యాడెట్. సార్ అటు తిరగ్గానే ఎక్సెల్ కిందకి దించి తెరిచే ఆట. విస్టా నుంచి అది కనబడకుండా పోయింది. మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ దాని కథ రాశాడు. 64 బిట్‌కి మారుస్తుంటే బంతి అడ్డాల్లోంచి దయ్యంలా దూరిపోయేదట. ఎవరో రాసిన పాత కోడులో తప్పు ఎక్కడుందో దొరక్క ఆటనే పక్కన పెట్టేశారట. ఇది చదివాకే నాకు ఈ పిచ్చి పట్టింది. తెర మీద బంతి గోడకి తగలాలంటే ఆ తగలడాన్ని కూడా ఎవరో ఒకరు రాయాలి. చెక్క మీద గోళీకి ఎవరూ ఏమీ రాయక్కర్లేదు. మేకుంటే తగుల్తుంది.

అసలు యంత్రం ఎలా పెరిగిందో చూడండి. 1871లో అమెరికాలోని సిన్సినాటిలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన బ్యాగటెల్ బల్లకి, స్ప్రింగుతో గోళీని తన్నే పుల్ల పెట్టి పేటెంటు తీసుకున్నాడు. మన ఇళ్ళల్లో అటక మీద మేకుల బల్ల ఒకటి ఉండేది కదా, పుల్ల లాగి వదిలితే గోళీ పైకెళ్ళి మేకుల మధ్య పడుతూ లేస్తూ నంబరున్న గడిలో ఆగేది, దాని ముత్తాత అదే. 1931లో గాట్లీబ్ కంపెనీ బాఫిల్ బాల్ వచ్చేనాటికి కూడా అందులో కరెంటు లేదు. 1933లో హ్యారీ విలియమ్స్ చేసిన కాంటాక్ట్ అనే ఆటలో, బ్యాటరీతో పనిచేసే తీగచుట్ట గోళీని గుంటలోంచి బయటికి తన్నింది. ఆటగాడి చేతికి ఫ్లిప్పర్లు వచ్చింది 1947లో, హంప్టీ డంప్టీ యంత్రంతో. చిప్పు వచ్చింది 1970ల మధ్యలో. అంటే నలభై ఏళ్ళ పాటు ఎవరి వంతు, ఎన్నో గోళీ, ఎన్ని పాయింట్లు అన్న లెక్కంతా రిలేలూ తిరిగే చక్రాలూ చూసుకున్నాయి. ఒక్క లైను కోడు లేదు.

మనం నేర్చుకునే వరస దీనికి తిరగబడి ఉంది. మొదటి వర్క్‌షాపులోనే బోర్డు చేతిలో పెడతారు. డిజిటల్ రైట్ హై అంటే ఎల్‌ఈడీ వెలుగుతుంది, చప్పట్లు. చిప్పు చెప్పింది, మోటారు వింది, మధ్యలో ఏం జరిగిందో మూడో ఏడాదికి కూడా తెలీదు. పిన్‌బాల్‌ని చరిత్ర నడిచిన వరసలోనే కట్టుకుంటూ పోతే ఆ మధ్యలోదంతా మన చేతుల మీదుగా వెళ్తుంది. నేను దీని గురించి ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

ముందు కరెంటు లేకుండా మొదలెట్టండి. మీటరు పొడవు ప్లైవుడ్ పలక తీసుకుని వెనకవైపు 11 సెంటీమీటర్లు లేపితే వాలు ఆరున్నర డిగ్రీలు వస్తుంది. పెద్ద యంత్రాల్లో వాడేది కూడా ఇంచుమించు ఇంతే. ఇక్కడే ఇంటర్ ఫిజిక్స్ ఒకటి పనికొస్తుంది. గోళీ జారదు, దొర్లుతుంది, కాబట్టి త్వరణం జీ సైన్ థీటాలో ఏడింట ఐదు వంతులే, అంటే దాదాపు 0.8. పైనుంచి వదిలిన గోళీ ఏ అడ్డూ లేకపోతే 1.6 సెకన్లలో కిందకొస్తుంది. ఆ 1.6 సెకన్లని మేకులతో పది, పదిహేను సెకన్లు చెయ్యడమే డిజైను. యంత్రాల్లో గోళీ 27 మిల్లీమీటర్లు, 80 గ్రాములు ఉంటుంది. లారీ మెకానిక్ షెడ్డులో పాత బేరింగు అడిగితే దాదాపు అంగుళం గోళీలు దొరకొచ్చు, అవి చాలు.

ఫ్లిప్పర్లకి పాత సైకిలు బ్రేకు లివర్లు, వాటి కేబుళ్ళు వాడండి. లివరు నొక్కితే కేబులు ఫ్లిప్పరు వెనక తోకని లాగుతుంది, వదిలితే స్ప్రింగు వెనక్కి తెస్తుంది. కేబులు ఇరుసుకి ఎంత దగ్గరగా కడితే ఫ్లిప్పరు కొస అంత దూరం ఊగుతుంది, కాకపోతే చేతికి అంత బరువు తగుల్తుంది. విజయనగరంలో సిరిమాను చూసినవాళ్ళకి మొదలు దగ్గర కొంచెం కదిలితే కొస ఎంత కదుల్తుందో నేను చెప్పక్కర్లేదు.

ఈ దశలో తొందరపడకండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్ర తొలిచి వీణలు చేస్తారు కదా, 24 మెట్లనీ మైనం మీద కూర్చోబెట్టేటప్పుడు మీటి, విని, జరిపి, మళ్ళీ మీటి సరిచేస్తారు. మేకులు కూడా అంతే. కాగితం మీద గీసిన చోట సగం దిగేలా కొట్టి, యాభైసార్లు గోళీ వదిలి, ఎక్కడ ఇరుక్కుంటుందో ఎక్కడ బోరు కొడుతుందో చూసి పీకి మళ్ళీ కొట్టాలి. మేం ముగ్గురం వేసవిలో కట్టిన బల్లకి ఈ పనికే మూడు వారాలు పట్టింది. వరండాలో పెట్టి మేకులు కొడుతుంటే వచ్చినవాడల్లా "ఏటిరా ఇది, చపాతీల బల్లేటి?" అనేవాడు. లివర్లు బిగించిన సాయంత్రం అదే వరండాలో వంతుల కోసం తగువులయ్యాయి.

ఇప్పుడు ఒక్క తీగ తెండి. రెండు మేకులు గోళీ కన్నా కొంచెం తక్కువ ఎడంతో కొట్టి, ఒకదానికి బ్యాటరీ, రెండో దానికి బల్బు కలపండి. ఇనప గోళీ రెండిటినీ తాకితే సర్క్యూటు పూర్తవుతుంది, బల్బు మెరుస్తుంది. గోళీయే స్విచ్చి. బల్బు తీసి సీడీ4026 కౌంటరు చిప్పు, ఏడు గీతల డిస్‌ప్లే పెట్టండి. (చిప్పు వద్దన్నావు కదా అనకండి. ఇది లెక్కపెట్టడం తప్ప ఏమీ తెలియని చిప్పు.) గోళీ ఒక్కసారి తగుల్తుంది, డిస్‌ప్లే ఏడు చూపిస్తుంది. ఇంకోసారి తగిలితే నాలుగు పెరుగుతుంది. లోహానికి లోహం తగిలినప్పుడు సున్నితంగా అతుక్కోదు, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి తగుల్తుంది. మన కంటికి ఒకటి, చిప్పుకి ఏడు. పుస్తకంలో డీబౌన్సింగ్ అని అరపేజీ ఉంటుంది, మనం మార్కుల కోసం చదివి వదిలేస్తాం. ఇక్కడ మాత్రం ఆటే పాడైపోతుంది కాబట్టి వదలడానికి ఉండదు. మధ్యలో 555 టైమరు పెట్టి, 180 కిలో ఓముల రెసిస్టరు, 1 మైక్రోఫారడ్ కెపాసిటరు వేస్తే ఒకసారి తగిలాక 0.2 సెకను పాటు ఇంకేదీ లెక్కలోకి రాదు. 1.1 ఆర్‌సీ అన్న సూత్రం నాకు ఇక మర్చిపోదామన్నా పోదు.

తర్వాత తీగచుట్టలు, అంటే సోలెనాయిడ్లు. పాత కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్ నుంచి 12 వోల్టులు తీసుకోండి. పచ్చ తీగని నల్ల తీగకి కలిపితేనే అది లేస్తుంది. దాని డబ్బా మాత్రం విప్పొద్దు, లోపల కెపాసిటర్లలో వందల వోల్టులు మిగిలి ఉంటాయి. చుట్టలో కరెంటు ఆపితే అది ఊరుకోదు. వెళ్తున్న కరెంటుని వెళ్తూనే ఉంచాలని చూస్తుంది, దారి లేకపోతే వోల్టేజి వందల్లోకి ఎగిరి ట్రాన్సిస్టరుని తీసుకుపోతుంది. చుట్టకి అడ్డంగా, తిరగేసి ఒక 1ఎన్4007 డయోడు పెడితే ఆ కరెంటు అందులోంచి తిరిగి చల్లారుతుంది. రూపాయో రెండో ఉంటుంది. వైవాలో అడిగిన డయోడు ఇదే.

ఫ్లిప్పరు చుట్టది ఇంకో తమాషా. 4 ఓముల చుట్ట అనుకుందాం. 12 వోల్టులకి 3 ఆంపియర్లు, అంటే 36 వాట్లు. మన ల్యాబులో సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. ఎవడైనా ఫ్లిప్పరు బటను నొక్కిపెట్టి ఆలోచిస్తూ కూర్చుంటే ఏమవుతుందో ఊహించుకోండి. దీనికి పాత ఇంజనీర్లు ఒకే చుట్టలో రెండు తీగలు చుట్టారు. లావు తీగ కొట్టడానికి, సన్న తీగ పట్టి ఉంచడానికి. ఫ్లిప్పరు పైకి చేరగానే చిన్న స్విచ్చి ఒకటి తెరుచుకుని సన్న తీగని దారిలోకి తెస్తుంది, కరెంటు తగ్గిపోతుంది. చిప్పు లేదు, సెన్సరు లేదు. ఇంత అందమైన ఫీడ్‌బ్యాక్ నేను ఏ కిట్టులోనూ చూడలేదు.

ఇక అభ్యంతరాలు. "రెజ్యూమేలో పిన్‌బాల్ అని రాస్తే ఎవరు చూస్తారు?" అని ఒక మిత్రుడు. ఐఓటీ, ఏఐ అన్న మాటలు వందమంది రెజ్యూమేల్లో ఉన్నప్పుడు అవి మాత్రం ఎవరు చూస్తారు? చెక్కపని మెకానికల్ వాళ్ళది అని ఇంకొకడు. దీనికి నా దగ్గర జవాబు లేదు, జాలి ఉంది.

ఆట కదా, చదువేంటి అనేవాళ్ళు మాత్రం ఎక్కువ. న్యూయార్క్ నగరం కూడా ఇలాగే అనుకుంది, కాకపోతే అక్కడ దీన్ని జూదం అన్నారు. 1942లో నిషేధించి యంత్రాల్ని సుత్తులతో పగలగొట్టించారు. 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన నగర కౌన్సిల్ సభ్యుల ముందు, గోళీ ఎటు వెళ్తుందో ముందే చెప్పి మరీ కొట్టి చూపించాక నిషేధం ఎత్తేశారు. గోళీ ఎటు వెళ్తుందో చెప్పగలిగినవాడిది అదృష్టం కాదు, విద్య. మన ప్రాజెక్టుల్లో ఎన్నింటి గురించి మనం ముందే చెప్పి కొట్టగలం? కొనుక్కున్నది ఎందుకు పనిచేస్తుందో తెలీదు, ఎందుకు ఆగిందో కూడా తెలీదు. డెమో రోజు అది పనిచేస్తే అదృష్టం. సెమిస్టరు ఫీజు కట్టి మరీ మనం ఆడేది జూదమే.

ఆర్డుయినో మీద నాకు కోపం లేదు. మేకులు, బల్బు, కౌంటరు, చుట్టలు అన్నీ పనిచేశాక, ఒకే గోళీతో రెండో స్కోరో, మూడు బంపర్లు వరసగా తగిలితే బోనసో కావాలనిపిస్తుంది. రిలేలతో గీసి చూస్తే కాగితం నిండిపోతుంది. అప్పుడు పెట్టండి. అది ఎంత పని తగ్గించిందో అప్పుడు తెలుస్తుంది.

దసరా సెలవులకి మొదలెట్టేవాళ్ళు ఉంటే రెండు మాటలు. బల్లని ఎత్తి కుదిపి గెలిచే మొనగాళ్ళు ప్రతి హాస్టల్లో ఉంటారు. తాపీమేస్త్రి గోడ నిటారు చూసే దారపు గుండు లాంటిది ఒకటి తీగకి వేలాడదీసి, చుట్టూ లోహపు రింగు పెట్టండి. కుదిపితే గుండు రింగుకి తగిలి ఫ్లిప్పర్ల రిలే పడిపోవాలి. ఇంకోటి, కాళ్ళు మేకులతో కొట్టకుండా బోల్టులతో బిగించండి. లేకపోతే గది గుమ్మం దాటదు.