బడి వాకిట సుంకము

2004వ సంవత్సరము జనవరిలో కెన్యాదేశమందలి ఎల్డొరెట్ ప్రాంతమున నొక ప్రాథమిక పాఠశాలకు, తన వయస్సు 84 ఏండ్లని చెప్పుకొనిన కిమానీ మరుగే యను వృద్ధుడు, తక్కిన బాలురవలెనే నిక్కరు ధరించి వచ్చి ఒకటవ తరగతిలో చేరెను. మౌమౌ తిరుగుబాటున బ్రిటిషు ప్రభుత్వముతో పోరాడిన ఆ మనుష్యునికి బాల్యమున బడి దక్కలేదు. బైబిలును తన కన్నులతో తాను చదువుకొనవలెనను కోరిక మాత్రము ముదిమివరకు మిగిలియుండెను. ఆ కోరికకు వయస్సు అడ్డము కాలేదు గాని, అంతకు రెండేండ్లు ముందుగా వచ్చియుండినచో ఫీజు అడ్డమైయుండెడిది. 2003 జనవరిలో కిబాకీ ప్రభుత్వము ప్రాథమిక విద్యకు ఫీజులను తీసివేయగా, సుమారు 59 లక్షలున్న విద్యార్థుల సంఖ్య చూచుచుండగనే 72 లక్షలకు పెరిగెను. చదువుపై పేదలకు శ్రద్ధ లేదని తేల్చిచెప్పుటకు అలవాటుపడిన పెద్దలు ఈ అంకెను ఏమనుకొనిరో తెలియదు.

అయితే ఆ దేశమున ఫీజు రద్దగుట అది మొదటిసారి కాదు. 1974లో నాటి అధ్యక్షుడు కెన్యాటా మొదటి నాలుగు తరగతులకును, ఆ దశాబ్ది ముగియకమునుపే ఆయన తరువాతి అధ్యక్షుడు మోయి తక్కిన ప్రాథమిక తరగతులకును రద్దు ప్రకటించియుండిరి. పోయిన రాబడికి బదులుగా ప్రభుత్వము చాలినంత ధనమీయకపోవుటచే, గదులు కట్టుటకు, బల్లలు చేయించుటకు వేరు దారిలేని పాఠశాల సంఘములు భవననిధి యను పేర తలిదండ్రులవద్ద వసూళ్లు మొదలుపెట్టగా, పెక్కుచోట్ల ఈ కొత్త చందా పాత ఫీజును మించిపోయెను. 1980ల చివరకు, అప్పులలో మునిగిన ప్రభుత్వము ప్రపంచబ్యాంకు చూపిన త్రోవను పట్టి, విద్యావ్యయమును ప్రజలతో పంచుకొను విధానమును బాహాటముగనే అవలంబించెను. మలావీదేశము 1994లో ఫీజులు తీసివేసిన యేడాదిలోనే విద్యార్థులు సుమారు 19 లక్షలనుండి 29 లక్షలకు పెరుగగా, చెట్లక్రింద తరగతులు నడపవలసివచ్చెను. శిక్షణ లేని ఉపాధ్యాయులను వేలసంఖ్యలో నియమింపవలసివచ్చెను. ఉగాండా కథయు దీనికి మిక్కిలి భిన్నము కాదు. కిక్కిరిసిన ఉచిత పాఠశాలను చూచి వెఱచిన తలిదండ్రులు, నైరోబీలోని కిబేరావంటి మురికివాడలలో సైతము, రెక్కలకష్టముతో గడించిన సొమ్మును చిన్నచిన్న ప్రైవేటు బడులకు ధారవోయుచుండిరి.

కిబేరాలోని ఈ బడులను పరిశీలించిన జేమ్స్ టూలీ యను ఆంగ్లేయ విద్వాంసునికి ఇట్టి దృశ్యము మొదట కంటబడినది మన హైదరాబాదు పాతబస్తీలో నగుట గమనింపదగినది. పేదలు తమంత తామే బడులను ఏర్పరచుకొనుచున్నారని ఆయన సంతసించెను. నాకు మాత్రమిది సంతసింపదగిన విషయముగ తోచదు. రాజ్యము తాను చేయవలసిన పనిని చేయక మానినచోటనే పేదవాడు తన కూలిడబ్బుతో దానిని కొనుక్కొనుచున్నాడని తోచును.

మన రాజ్యాంగము 45వ అధికరణమున, పదునాలుగేండ్లలోపు బాలబాలికలందరికి పదేండ్లలో ఉచిత నిర్బంధ విద్య సమకూర్చుటకు రాజ్యము యత్నింపవలెనని పలికెను. ఆ గడువు 1960లోనే తీరిపోయెను. 1993లో సుప్రీంకోర్టు విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. వృత్తివిద్యా కళాశాలల క్యాపిటేషన్ ఫీజుల తగవునుండి పసిబిడ్డల హక్కు పుట్టుట న్యాయచరిత్రలో ఒక విచిత్రము. పిదప 2002లో రాజ్యాంగ సవరణము, 2009లో విద్యాహక్కు చట్టము వచ్చినవి. ప్రైవేటు బడులలో నాలుగవవంతు సీట్లు బడుగు వర్గముల పిల్లలకీయవలెనన్న ఆ చట్టపు నిబంధన 2010 ఏప్రిలునుండి అమలుకావలసియుండగా, రెండు తెలుగు రాష్ట్రములలోను దశాబ్దమునకు పైగా కాగితముమీదనే నిలిచిపోయెను.

ఇక ఫీజుల నియంత్రణ సంగతి. ఆంధ్రప్రదేశమున 2019లో చట్టముచేసి కమిషనును నెలకొల్పిరి. అది 2021లో ప్రకటించిన ఫీజుల పట్టికను అదే యేడు హైకోర్టు కొట్టివేసెను. తెలంగాణమున ఆచార్య తిరుపతిరావు సంఘము 2017లో నివేదిక సమర్పించిన తరువాతను ఏండ్లతరబడి చట్టము రాలేదు. ఎల్‌కేజీ బిడ్డకే లక్షకు మించి పుచ్చుకొను బడులు హైదరాబాదులో నున్నవన్న మాట ఇప్పుడెవరికిని ఆశ్చర్యము గొలుపదు. నియంత్రణ వలదని నేననను. దాని చేయి ఎంతవరకు అందునో చూడుమందును. ట్యూషన్ ఫీజును బిగించిన, అది బస్సు ఫీజై, పుస్తకముల కట్టయై, బడిలోనే కొనవలసిన యూనిఫామై, ఆరవ తరగతినుండియే ఐఐటీ ఫౌండేషనై తిరిగివచ్చును. అడ్మిషన్ ఫీజు కట్టినవాడు నడియేట బిడ్డను వేరొకచోట చేర్పజాలడు. ఫిర్యాదు చేసినచో బిడ్డను ఏమందురోయని భయము. బాకీ తీరనిదే టీసీ ఇయ్యరు, పరీక్షల వేళ హాల్‌టికెట్ ఆపుదురు. ఇట్టి తండ్రి కమిషను ఎదుటికి వచ్చి సాక్ష్యము చెప్పునని యెదురుచూచుట వ్యర్థము. అతనికి ధైర్యము రావలెనన్న, తన వీధిలోనే బిడ్డను నిశ్చింతగా చేర్చదగిన మరియొక బడి యుండవలెను. ఆ రెండవ బడి యెంత బలహీనమగునో మొదటి బడి ఫీజు అంత పెరుగును.

ఇచ్చట ప్రభుత్వ పాఠశాలాభిమానులకు రుచింపని యొక నిజము చెప్పకతప్పదు. 2008 మొదలు ఆంధ్రప్రదేశమున అయిదు జిల్లాలలోని 180 గ్రామములలో, కొందరు పిల్లలను లాటరీ తీసి ప్రైవేటు బడులలో ఉచితముగా చేర్పించి, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనువారు నాలుగేండ్లు పరిశోధించిరి. తెలుగులోను గణితములోను ఆ పిల్లలు ప్రభుత్వ బడి పిల్లలకంటె మిన్నగా లేరు. హిందీలో మాత్రము మిన్నగా నుండిరి. ఫీజులు కట్టి మురియు తలిదండ్రులు ఆలోచింపవలసిన మాట యిది. అయితే ఆ ప్రైవేటు బడులు ఒక్కొక్క విద్యార్థిపై వ్యయించినది ప్రభుత్వ వ్యయములో మూడవవంతునకు లోపే. ఆ తగ్గింపులో అధికభాగము ఉపాధ్యాయులకు అత్యల్ప వేతనమిచ్చి మిగిల్చినదగుటచే, దానిని దక్షతయని కీర్తింప నాకు మనసొప్పదు. అయినను మూడింతలు ఖర్చుచేసి అంతే ఫలము పొందిన శాఖకు గర్వింపదగినదేమియు లేదు.

ఆంధ్రప్రదేశమున తల్లుల ఖాతాలలో ఏటా 15,000 రూపాయలు వేయు అమ్మఒడి పథకమును 2020 జనవరిలో ఆరంభించినప్పుడు, ప్రైవేటు బడి పిల్లలకును వర్తింపజేసిరి. పేదతల్లికి చేరిన రూకను నేను తప్పుపట్టను. కాని ఆ ధనములో కొంత ప్రైవేటు బడి కౌంటరుకే చేరుట, ఊరి ప్రభుత్వ బడిలో ఒక్క ఉపాధ్యాయుడే అయిదు తరగతులకు పాఠము చెప్పుచుండుట, రెండును ఒకే ప్రభుత్వము క్రింద జరిగెను. 2022లో అచ్చటనే మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలింపబూనినప్పుడు, ఎనిమిదేండ్ల బిడ్డను అంతదూరము పంపవలసిన తల్లికి ఆటోకిరాయి కొత్త ఫీజయ్యెను. ప్రైవేటు బడి బస్సో, ఇంటిముందే ఆగుచుండెను.

బిడ్డ చేజారు వయస్సును గూర్చి మన అధికారులు తగినంత యోచింపలేదని నా యభిప్రాయము. ప్రభుత్వ పాఠశాల బిడ్డను అయిదేండ్లు దాటినపిదప ఒకటవ తరగతిలో చేర్చుకొనుచుండగా, ప్రైవేటు బడి మూడేండ్లకే నర్సరీలో చేర్చుకొనును; ఒకమారు చేరిన బిడ్డను, మూడేండ్ల ఫీజు కట్టిన పిమ్మట, ఎవరు వెనుకకు తీసుకొందురు? అంగన్‌వాడీ యున్నది గదా యందురేమో. గ్రుడ్డు పెట్టుటకును, బరువు తూచుటకును, సర్వేలు వ్రాయుటకును చాలని వేళలో ఆ కార్యకర్త అక్షరములు దిద్దించుట ఎట్లు?

కావున వచ్చు జూనులోపల ప్రభుత్వములు చేయదగినది, ఫీజుల పట్టికలపై మరియొక సంఘమును వేయుటకంటె ముందు, ప్రతి ప్రాథమిక పాఠశాలకును ఎల్‌కేజీ, యూకేజీ తరగతులను చేర్చి, వానికొక శిక్షితురాలగు ఉపాధ్యాయినిని, పై తరగతులకు తరగతికొక్కరి చొప్పున ఉపాధ్యాయులను నియమించుట. ఖజానాలో ధనము లేదను సమాధానము వచ్చుననియు నెరుగుదును. ప్రైవేటు బడులకు చేరుచున్న సొమ్ములో ప్రభుత్వ పథకములద్వారా వెళ్లుచున్నదెంతయో లెక్కగట్టి శాసనసభ ముందుంచినపిదప ఆ సమాధానమును చెప్పవచ్చును.