మన పశువులు అడవికి శత్రువులా?

"మీ పశువులే అడవిని తినేస్తున్నయ్" అని గార్డు అంటే తల దించుకోకండి, తమ్ముళ్లూ చెల్లెళ్లూ. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సంగతి చెప్పండి.

అక్కడి కేవలాదేవ్ పక్షుల పార్కులో 1982లో పశువుల మేత బంద్ పెట్టారు. ఎదురు తిరిగిన ఊరోళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. తర్వాత ఏమైంది? బర్రెలు మేసే గడ్డి ఏపుగా పెరిగి నీటి మడుగుల్ని కమ్మేసింది. ఏ పక్షుల కోసం మేత ఆపారో వాటికే చోటు తగ్గింది. బర్రెలు మేస్తేనే అక్కడ మేలని తేల్చింది మనం కాదు, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు!

గడ్డి మొదట్లోంచి చిగురేస్తుంది. దుప్పి కొరికినా, ఆవు కొరికినా మళ్లీ లేస్తుంది. దుప్పి ఉసిరికాయ మింగి, నెమరేసేటప్పుడు గింజ ఉమ్మేస్తుంది. మొక్క ఇంకోచోట మొలుస్తుంది.

అట్లని మన తప్పు లేదనను. మందలన్నీ ఒకే వాగు ఒడ్డున దిగితే నేల బోడవుతుంది, పశువు ముట్టని లాంటానా కంప మిగులుతుంది. ఎక్కడ, ఎన్నాళ్లు మేపాలో గ్రామసభే తేల్చాలి. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును గుర్తించింది. పోడు పట్టాల కోసం తిరిగినంత దీనికోసం మనం తిరగలేదు. మీ ఊళ్లో సామూహిక హక్కులకు ఫారం-బి పెట్టారా? వచ్చే గ్రామసభలో అడగండి.