బేస్‌మెంటు కబుర్లు: మన ఇంటి స్విచ్చి ఎవరి మాట వినాలి?

క్రిందటి నెల వైఫై రౌటర్ల గురించి వ్రాస్తూ, "మ్యాటర్" అనే కొత్త ప్రమాణం సంగతి మరోసారి చూద్దామని వదిలేశాను. ఉగాది విందులో పులిహోర కోసం వరసలో నిలబడి ఉండగానే నలుగురు దాని గురించి అడిగారు. నాలుగు రకాలుగా అడిగినా సారాంశం ఒక్కటే: "ఇంట్లో ఇప్పటికే మూడు కంపెనీల బల్బులు, నాలుగు యాప్‌లు ఉన్నాయి. ఇప్పుడు ఇదొకటా?"

అడగవలసిన ప్రశ్నే. కొనడానికైతే తొందరేమీ లేదు. కాని ఇంట్లో పదీపన్నెండేళ్ళ పిల్లలున్నవాళ్ళకీ, ఇండియా నుంచి అమ్మా నాన్నా వచ్చి ఆరేసి నెలలు ఉండేవాళ్ళకీ, ఒక చిన్న పరికరాన్ని సొంతంగా తయారు చేసుకోవడం నేర్చుకోవడానికి ఇంతకంటె మంచి అదను ఇదివరకు లేదు. ఎందుకో చెబుతాను.

రివాల్వ్ అని ఒక డబ్బా ఉండేది. వెల సుమారు 300 డాలర్లు. బల్బులు, తాళాలు, పాటల పెట్టెలు అన్నిటినీ ఒక్క యాప్ కిందికి తెచ్చేది. 2014లో దాన్ని గూగుల్ వారి నెస్ట్ కొనుక్కుంది. 2016 మే 15న దాని వెనక ఉన్న సర్వర్లు ఆపేశారు. డబ్బా చెడిపోలేదు, కరెంటు పోలేదు, ఇంటివాళ్ళు ఎవరికీ బాకీ పడలేదు. అయినా ఆ రోజు నుంచి అది బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ సర్వర్లు చెప్పా పెట్టకుండా ఆగిపోయాయి. గోడ మీద స్విచ్చిలు నొక్కితే దీపాలు వెలిగేవి గాని, ఫోను మాట వినడం మానేశాయి. ఆ జూన్‌లో వాడకందార్లలోనే కొందరు పూనుకుని కంపెనీని కొనబట్టి మళ్ళీ ప్రాణం వచ్చింది. ఇక నెస్ట్ వారి మొదటి రెండు తరాల థర్మోస్టాట్లు 2025 అక్టోబరు 25 నుంచి ఫోనుకి పలకవు. గోడ దగ్గరకి వెళ్ళి చేత్తో తిప్పుకోవాలి. ఇవన్నీ కంపెనీల దుర్మార్గం అనను. సర్వర్లకి ఖర్చవుతుంది, ఎప్పుడో ఒకప్పుడు లెక్క చూసుకుంటారు. కాని మన హాల్లో దీపం వెలగడానికి మరో రాష్ట్రంలో ఎవరో లెక్క చూసుకోవలసి రావడమే నాకు మింగుడు పడదు.

ఇంటి యంత్రాలకి దూరం నుంచి ఆజ్ఞలివ్వడం ఈ దేశంలో కొత్త కాదు. స్కాట్లండులో పికో ఎలక్ట్రానిక్స్ వారు 1975లో మొదలుపెట్టిన ఎక్స్-10 పద్ధతి 1978 నుంచి ఇక్కడ రేడియో షాక్‌లో దొరికేది. ఇంటి కరెంటు తీగల మీదే సంకేతాలు పంపేది. 16 అక్షరాలు, ఒక్కొక్క దానికి 16 అంకెలు, మొత్తం 256 చిరునామాలు. ఆ సంకేతం ఇల్లు దాటి పోవలసిన పని లేదు. మధ్యలో ఏ సర్వరూ లేదు. ఆ రోజుల్లో వచ్చిన మన పెద్దవాళ్ళలో చాలామందికి మిషిగన్‌లో బెంటన్ హార్బర్ వారి హీత్‌కిట్లు కూడా గుర్తుండే ఉంటాయి. 1947లో ఆసిలోస్కోపుతో మొదలుపెట్టి 1992 దాకా అమ్మారు. పెట్టె విప్పితే విడి భాగాలు, ఒక లావుపాటి పుస్తకం, సర్క్యూటు బొమ్మ. టంకం పెట్టి బిగించుకున్నవాడికి అందులో ఏది ఎక్కడుందో తెలుసు, పాడైతే బాగుచేసుకోనూ తెలుసు. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు ఏరుకుని తిరిగినవాళ్ళకి ఆ సంతోషం గురించి వేరే చెప్పనక్కరలేదు. మధ్యలో ఇరవై ముప్ఫయ్యేళ్ళు ఆ సంతోషం మన ఇళ్ళలోంచి పోయింది. ఇప్పుడు మళ్ళీ వచ్చే దారి కనిపిస్తోంది.

అసలు మ్యాటరేమిటంటే (ఈ మాట వాడే అవకాశం వదులుకోలేను, మన్నించాలి) 2019 డిసెంబరులో ఆమెజాన్, యాపిల్, గూగుల్, జిగ్బీ కూటమి కలిసి ఒకే భాష తయారు చేస్తామని ప్రకటించాయి. 2021 మేలో దానికి మ్యాటర్ అని పేరు పెట్టారు. జిగ్బీ కూటమి కూడా అప్పుడే పేరు మార్చుకుని కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయెన్స్ అయింది. 2022 అక్టోబరు 4న మొదటి పాఠం, అంటే 1.0, విడుదలయింది. దీపాలు, ప్లగ్గులు, తాళాలు, థర్మోస్టాట్లు, కిటికీ తెరలు అందులో ఉన్నాయి. 2023 అక్టోబరులో వచ్చిన 1.2లో ఫ్రిజ్‌లు, గిన్నెలు కడిగే యంత్రాలు, ఇల్లు ఊడ్చే రోబోలు చేరాయి.

ఇందులో మనకి కావలసినవి రెండు విషయాలు. ఒకటి, పరికరాలు ఇంటర్‌నెట్ వాడే ఐపీ పద్ధతిలోనే, అందులోనూ ఐపీవీ6లో, ఇంట్లోపలే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. కేబుల్ కంపెనీ లైను తెగిపోయినా హాల్లో స్విచ్చికీ దీపానికీ మధ్య మాటలు ఆగనక్కరలేదు. రెండు, ఆ భాష మాట్లాడించే ప్రోగ్రామంతా అపాచీ లైసెన్సు కింద గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు, వాడుకోవచ్చు.

పైగా ఒకే పరికరం కనీసం అయిదు వేరువేరు యజమాన్యాల కింద ఉండగలగాలని నియమం. ఆవిడ ఐఫోను, ఆయన ఆండ్రాయిడు, వంటింట్లో ఆమెజాన్ ఎకో ఉన్నా, ఉమ్మడి కుటుంబంలో చిన్నవాడిలా అందరి మాటా వింటుంది. ఎవరి మాట ముందు వినాలన్న తగాదా మాత్రం ఏ ప్రమాణమూ తీర్చలేదు.

ఇక తయారీ. మొదటిసారికి దీపం, స్విచ్చి వద్దు. ఒక థర్మామీటరు చేయండి. కారణం ఉంది. మన ఇళ్ళలో థర్మోస్టాటు సాధారణంగా నడవలో ఉంటుంది. అది 70 అని చూపిస్తుంది. అమ్మానాన్నలకిచ్చిన గది ఏ గరాజు మీదో, ఉత్తరపు మూలనో ఉంటుంది. జనవరిలో అక్కడ 62 ఉన్నా థర్మోస్టాటుకి తెలియదు. మన పెద్దవాళ్ళు అడిగితే "మాకేం ఫరవాలేదమ్మా, దుప్పటి ఉందిగా" అంటారు. కొడుక్కి గ్యాసు బిల్లు ఎక్కువవుతుందని వాళ్ళ భయం. మోకాళ్ళ నొప్పులు మార్చిలో బయటపడతాయి. ఆ గదికొక థర్మామీటరు ఉంటే అడగనక్కరలేదు, వాళ్ళు అబద్ధం చెప్పనక్కరలేదు.

కావలసినవి: ఎస్‌ప్రెస్సిఫ్ వారి ఈఎస్‌పి32-సి6 బోర్డు ఒకటి, ఎస్‌హెచ్‌టి31 అనే ఉష్ణోగ్రత చూసే చిన్న ముక్క ఒకటి, నాలుగు తీగలు, పాత ఫోను ఛార్జరు. తీగలలో ఒకటి 3.3 వోల్టులకి, ఒకటి గ్రౌండుకి, మిగతా రెండూ సమాచారానికి. కాళ్ళు ముందే అతికించినది కొంటే టంకం కూడా అక్కరలేదు. కంప్యూటర్లో ఆర్డుయినో పెట్టుకుని, అందులో ఎస్‌ప్రెస్సిఫ్ వారి కట్ట చేర్చుకుంటే, మ్యాటర్ ఉదాహరణలలో ఉష్ణోగ్రత పరికరం సిద్ధంగా ఉంటుంది. ఆ ఉదాహరణ ఉత్తుత్తి అంకెలు పంపుతుంది. ఆ చోట మన ముక్క చదివిన అంకె పెట్టడమే పిల్లలు చేయవలసిన పని. ఎక్కించేముందు విభజన పట్టికలో "హ్యూజ్ యాప్" ఎంచుకోవాలి. మ్యాటర్ ప్రోగ్రాము పెద్దది, మామూలు అరలో పట్టదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఇందులో నేర్చుకునేదేమిటో పిల్లలకి ఇలా చెప్పండి. ప్రతి పరికరమూ ఒక ఇల్లు. ఇంట్లో గదులకి సున్నా, ఒకటి, రెండు అని అంకెలు. సున్నా గదిలో ఇంటి వివరాలుంటాయి: ఎవరు కట్టారు, పేరేమిటి. ఒకటో గదిలో అసలు పని జరుగుతుంది. మన థర్మామీటరు ఒకటో గదిలో "కొలిచిన విలువ" అనే ఒక పలక వేలాడదీస్తుంది. దాని మీద ఉష్ణోగ్రతని సెల్సియస్‌లో నూరుతో గుణించి వ్రాస్తారు. 21.5 డిగ్రీలైతే 2150. దశాంశపు చుక్క గొడవ లేకుండా పూర్ణసంఖ్యతో సరిపెట్టుకున్నారన్నమాట. ఫారన్‌హీటులోకి మార్చుకోవడం ఫోను పని. ఎవరికి కావాలన్నా వచ్చి ఆ పలక చదువుకోవచ్చు, లేదా "మారినప్పుడు కబురు పంపు" అని చెప్పి ఉంచవచ్చు. ఇంత సాదా ఏర్పాటు మీదే ఫ్రిజ్‌లూ, తాళాలూ కూడా నడుస్తాయి.

బోర్డుకి కరెంటిస్తే అది బ్లూటూత్‌లో "నేనున్నాను" అంటుంది. ఫోనుతో క్యూఆర్ గుర్తు చూపించడమో, 11 అంకెల కోడ్ కొట్టడమో చేయాలి. ఆ కోడ్‌లోని రహస్య సంఖ్య గాలిలో ప్రయాణించదు. ఇద్దరికీ అదే సంఖ్య తెలుసని లెక్కలతో ఒకరికొకరు ఋజువు చేసుకుంటారు. ఆ తర్వాతే ఫోను మన వైఫై మాట దానికి చెప్పి, ఇంట్లో చేర్చుకున్నట్టు ఒక పత్రం ఇస్తుంది.

మధ్యలో ఒక తతంగం ఉంది. ఫోను గోత్రం అడుగుతుంది. ప్రతి తయారీదారుకీ కూటమి ఒక సంఖ్య ఇస్తుంది, ప్రతి పరికరంలోనూ దాన్ని బలపరిచే పత్రం ఉంటుంది. మన బేస్‌మెంటులో పుట్టినదానికి అవేమీ ఉండవు. గోత్రం తెలియనివాళ్ళు కాశ్యప గోత్రం చెప్పుకున్నట్టు, పరీక్షల కోసం కేటాయించిన సంఖ్య ఒకటి ఉంది, అది చెప్పుకుంటాం. ఈ ఉదాహరణల కోడ్ కూడా ప్రపంచమంతటికీ ఒక్కటే: 34970112332. యాపిల్ వారి ఫోను "ఇది ధ్రువీకరణ లేని పరికరం" అని హెచ్చరించి, అయినా సరే అంటే చేర్చుకుంటుంది. గూగుల్ వారికైతే ముందుగా వారి డెవలపర్ కన్సోల్‌లో ఆ సంఖ్య నమోదు చేసుకోవాలి. నేను హోమ్ అసిస్టెంట్ వాడమంటాను. 2013లో పాలస్ స్కౌట్సన్ మొదలుపెట్టిన బహిరంగ ప్రోగ్రాము అది. ఒక రాస్ప్‌బెర్రీ పై మీద, మన ఇంట్లోనే నడుస్తుంది. 2024 నుంచి ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉంది. రివాల్వ్‌కి పట్టిన గతి దానికి పట్టదు. సర్వరు మన అటక మీదే ఉంటుంది కాబట్టి ఆపాలన్నా మనమే ఆపాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. "ఓపెన్" అన్నారు కదా అని అన్నీ ఉచితం అనుకోవద్దు. ప్రోగ్రాము ఉచితం, పరికరం మీద మ్యాటర్ ముద్ర ఉచితం కాదు. అమ్మదలిస్తే కూటమిలో చేరాలి, పరీక్షలకి డబ్బు కట్టాలి. ఇంట్లో వాడుకోవడానికి ఆ ముద్ర అక్కరలేదు.

అతుక్కోకపోతే బోర్డుని తిట్టకండి, రౌటరు చూడండి. సి6 రేడియో 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పలుకుతుంది. అతిథుల వైఫైలో పెడితే రౌటరు ఒకరితో ఒకరిని మాట్లాడనివ్వదు. ఐపీవీ6 ఆపేసి ఉన్నా ఇదే గతి. ఉష్ణోగ్రత ముక్కని బోర్డుకి అంటించి పెట్టకండి, చిప్పు వేడికి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. జానెడు తీగ వదలండి. బ్యాటరీ మీద నడపాలంటే వైఫై పనికిరాదు. దానికి థ్రెడ్ అనే వేరే పద్ధతి ఉంది, ఇటుకలు చేతులు మార్చి అందించుకున్నట్టు పరికరాలు ఒకదానినుంచి ఒకటి కబుర్లు అందించుకుంటాయి. మొదటి బోర్డు పనిచేశాక దాని జోలికి పోవచ్చు.

గోడలోని 120 వోల్టుల జోలికి మాత్రం పోవద్దు. ఇండియాలో 230తో ఆడుకున్నవాళ్ళం, ఇదెంతలే అనే ధీమా మనవాళ్ళలో కొందరికుంది. ఇక్కడ ఇళ్ళు చెక్కవి. పాత ఇళ్ళ స్విచ్చి పెట్టెల్లో న్యూట్రల్ తీగ చాలాచోట్ల ఉండదు, అది ఉండాలన్న నియమమే 2011 ఎలక్ట్రికల్ కోడ్‌తో వచ్చింది. ప్లగ్గు కావలిస్తే యూఎల్ గుర్తున్నది కొనండి, మ్యాటర్ భాష అదీ మాట్లాడుతుంది. మన థర్మామీటరు గదిలో 64 దాటి కిందికి వచ్చిందని చెప్పగానే, హోమ్ అసిస్టెంట్ మన ఫోనుకి కబురు పంపితే చాలు, మనం వెళ్ళి చూసుకోవచ్చు. మంట పుట్టించే హీటరుని మనిషి లేకుండా వెలిగించే ఏర్పాటు ఎంత ముద్దుగా కనిపించినా చేయకండి. ముందు తలుపు తాళం కూడా ఇంట్లో చేసేది కాదు.

పెద్దవాళ్ళ గదిలో కెమెరా పెట్టవచ్చా అని కూడా ఒకరు అడిగారు. నేను పెట్టను. వాళ్ళు పడుకునే గదిలో కొలవవలసింది చలిని, వాళ్ళని కాదు. థర్మామీటరు పెట్టినా వాళ్ళకి చూపించి, అదేం చేస్తుందో చెప్పి పెట్టండి. మనవడో మనవరాలో చేసినదని తెలిస్తే వచ్చినవాళ్ళందరికీ వాళ్ళే చూపిస్తారు.

బోర్డు కొనేటప్పుడు పేరు చివర సి6 ఉందో లేదో చూసుకోండి. చూడడానికి అలాగే ఉండే ఎస్2లో బ్లూటూత్ లేదు, బ్లూటూత్‌లో మొదటి పరిచయం జరగదు. పరికరాన్ని మరొక ఇంటికి మార్చవలసివస్తే, ఆర్డుయినో ఉదాహరణలో బోర్డు మీది "బూట్" బొత్తాం అయిదు సెకన్లు నొక్కి పట్టుకుంటే పాత ఇంటిని మరిచిపోతుంది.